నగరి హైబ్రిడ్ పెండ్లి

"హైబ్రిడ్ అంటే వంగనారు అనుకుంటివా? రైతుబుద్ధి పోనిచ్చుకుంటివి కాదు" అని మైకుసెట్టు జయచంద్ర టీ గ్లాసు బల్ల మీద టక్కుమని పెట్టినాడు.

పుత్తూరు బస్టాండు ఎదురుగా ఉండే వరదయ్య టీ అంగడి అది. పొద్దునపూట ఆ బల్ల మీద కూసోని నాలుగు మాటలు చెప్పకపోతే జయచంద్రకు దినం గడవదు. వినేవాళ్ళకు కరువు లేదు. ఎముకల కట్టు కోసం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, కట్టు కట్టించుకోని బస్సు వచ్చేదాకా ఆడనే కూసుంటారు. ఆ పొద్దు దొరికినోడు ఐరాల రైతు ఇమ్మానుయేల్. కుడిచేతికి వెదురుబద్దలతో కొత్త కట్టు, ఎడంచేత్తో టీ. మూలన ఇంకొకాయన పెద్ద సంచి పక్కన పెట్టుకోని కూసోనుండాడు. నగరికి పోవల్లని వరదయ్యతో చెప్పినాడు గానీ, నగరి బస్సు వచ్చి నిలబడి వెళ్ళిపోయినా ఎక్కలేదు. ఇంకొక టీ అడిగినాడు.

"మరి హైబ్రిడ్ అంటే ఏందన్నా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"చెప్తా, గమ్మున విను. జనమంతా ఫోన్లలోనే ఉండి, ఎవురిండ్లల్లో వాళ్ళు కూసోని చూసినారనుకో, దాన్ని వర్చువల్ అంటారు. సగం జనం మండపంలో, సగం జనం ఫోన్లో ఉండి, ఇద్దరికీ ఒకటే పెండ్లి జరిగిందనుకో, అది హైబ్రిడ్. తిరపతిలో పెద్ద హోటల్లో ఏసీ గదిలో కూసోబెట్టి నేర్పించినారు నాకు ఈ మాటలన్నీ. నాతో పాటు వచ్చినోళ్ళంతా కోట్లు వేసుకోనుండారు, నేనొక్కణ్ణే లుంగీ. అయినా సారు నన్నే మెచ్చుకున్నాడు. జయచంద్రా, నువ్వు ఈడ ఉండాల్సినోడివి కాదు అన్నాడు."

"అది మెచ్చుకోలు అంటావా?" అన్నాడు వరదయ్య పాలు పొంగకుండా గరిటె తిప్పుతా.

"నువ్వు అడ్డం రావద్దు వరదయ్యా, నాకు మండుతాది. ఇది కరోనా రెండో తూరి వచ్చినప్పటి మాట. ఆ దినాలు పగోడికి కూడా వద్దు. ఒకరింటికి ఒకరు పోయేది లేదు, చచ్చినోళ్ళను చూసేది లేదు. మైకుసెట్టు మూల పడిపాయె. పందిట్లో పాట లేదు, తిరణాల లేదు, ఏమీ లేదు. అట్లాంటప్పుడు ఈ లైవు పని నా చేతికొచ్చింది. ఊరంతా ఏడుస్తాంటే నేనొక్కణ్ణే వెలిగినానప్పా. చెప్పుకోడానికి సిగ్గే, కానీ నా బతుకులో నన్ను వెతుక్కుంటా ఇంటికి వచ్చిన కాలం అదొక్కటే. ఇప్పుడు ఎవురొస్తారు? చేతిలో ఫోనుండే ప్రతోడూ లైవు పెట్టేవాడే. కెమెరా సంచిలో ఎలుకలు పిల్లలు పెట్టినాయి."

వరదయ్య జాలిపడి గ్లాసులో ఇంకాస్త టీ పోసినాడు. అది చూసి జయచంద్రకు మళ్ళా ఊపొచ్చింది.

"సరే. నగరిలో వరలక్ష్మమ్మని ఒకాయమ్మ. మగ్గాలోళ్ళు. ఆయమ్మ కూతురు భవితకు పెండ్లి కుదిరింది. తండ్రి లేని బిడ్డ. మండపంలోకి నలుగురు మనుషులు తప్ప రాకూడదంటారు పోలీసోళ్ళు. బంధువులేమో కొందరు చెన్నపట్నంలో, కొందరు సోలాపూరు మగ్గాల కాడ, యాడోళ్ళు ఆడ చిక్కుకోనుండారు. ఆయమ్మ నా కాడికొచ్చి, అన్నా, నా బిడ్డ పెండ్లి ఎవురూ చూడకుండా జరిగిపోతాదా అని ఏడ్చింది. నేను చెప్పినా, అమ్మా, నువ్వు ఏడవద్దు, నీ కూతురి పెండ్లి లోకమంతా చూస్తాది అని."

మూలన కూసున్నాయన గ్లాసు నోటి కాడికి తెచ్చి, తాగకుండానే దించినాడు.

"చూసినారా మరి?" అన్నాడు ఇమ్మానుయేల్.

"చూసినారా అంటావేందప్పా! లింకు పంపించినా. లింకంటే పెండ్లిపత్రిక మాదిరి, అది నొక్కితే మండపంలోకి వచ్చేస్తారు. చెన్నపట్నమోళ్ళు వచ్చినారు, సోలాపూరోళ్ళు వచ్చినారు. వాళ్ళు పక్కింటోళ్ళకు పంపినారు, పక్కింటోళ్ళు వాళ్ళ బావమరదులకు పంపినారు. చూస్తాండంగానే సింగపూరు మొత్తం దిగింది. ఆడ ఆఫీసులకు సెలవిచ్చినారంట, ఏమంటే నగరిలో పెండ్లంట అని. ఎంతమంది చూస్తాండారో చూపించే అంకె ఒకటుంటాది మూలన. అది తిరిగి తిరిగి, తిరిగే చోటు లేక, మళ్ళా ఒకటి కాడి నుంచి మొదలుపెట్టింది."

"సాంబారు కూడా తాగినారా వాళ్ళంతా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"వాసన వాళ్ళ దాకా పోయిందప్పా, అబద్ధం చెప్తే నాకేమొస్తాది? సోలాపూరు నుంచి ఒక ముసలాయన, సాంబారులో ఉప్పు రొంత ఎక్కువైంది అని మెసేజ్ పెట్టినాడు. వంటోడు రుచి చూస్తే నిజమే! సరే, జనం అయితే వచ్చినారు, ఆ తర్వాత ఏమైందో తెల్సా? బొమ్మ నిలబడిపాయె. పెండ్లికొడుకు నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉండాడు. ఎందుకు? బ్యాండ్‌విడ్త్ చాలలా."

"అదెవురు?"

"అదొక మనిషి కాదప్పా! నీ మోటారుకు పైపుంటాది కదా, అది చిన్నదైతే నీళ్ళు సన్నగా వస్తాయా లేదా? అట్ల ఇంటర్నెట్‌కు ఉండే పైపు అది. మండపంలో ఉండేవాళ్ళంతా జేబులో ఫోను పెట్టుకోని ఆ నీళ్ళు తాగేస్తాండారు. నేను మైకులో అరిచినా, అందరూ ఫోన్లు ఆపేసి ఈ గంపలో వేయండి అని. పెండ్లికూతురి తల్లి ఫోనుతో సహా ఆపించినా. అయినా చాలలా. వీధిలో ఆపించినా, చాలలా. నగరి టౌను ఆపించినా. ఈ పక్క పుత్తూరు, ఆ పక్క తిరుత్తణి. చివరికి రేణిగుంటకు ఫోను కొట్టి, రొంతసేపు మీ విమానాలు కూడా ఆపండప్పా, ఈడ ముహూర్తం ఉండాది అన్నా. ఆపినారు! దిగాల్సిన విమానం దిగకుండా, ఎక్కాల్సింది ఎక్కకుండా, మబ్బుల్లో గాలిపటం మాదిరి అట్లనే నిలబడిపోయినాయి."

ఇమ్మానుయేల్‌కు నవ్వాగలా. నవ్వితే చెయ్యి నొప్పి, అయినా నవ్వినాడు. "కరోనాలో విమానాలు యాడివన్నా?"

"ఉండే ఒకటీ అరా ఆపినారులే! అడ్డం రావద్దంటినా? పైపు సరిపాయె. అప్పుడు లేటెన్సీ వచ్చింది. అంటే ఈడ జరిగేది ఆడ కనబడేదానికి పట్టే ఆలస్యం. ఈడ మేళం ఆగినాక ఆడ వాళ్ళకు మొదలవుతాది. ఈడ తాళి కట్టినాక ఎప్పటికో ఆడ అక్షింతలు పడతాయి. పెండ్లికి ఎంత అశుభం! నేను ఊరుకుంటానా? వైర్లు విప్పినా, దులిపినా, మళ్ళా బిగించినా. ఆలస్యం తగ్గింది. ఇంకా బిగించినా, పూర్తిగా పోయింది. రొంత ఎక్కువ బిగించేసినట్టుండాది, బొమ్మ ముందే పోవడం మొదలుపెట్టింది! ఈడ అయ్యవారు ఇంకా మంత్రం చదువుతాండాడు, చెన్నపట్నంలో తాళి కట్టేసినారు. పెండ్లికొడుకు చెయ్యి ఎత్తకముందే శుభం శుభం అని మెసేజీలు వచ్చి పడతాండాయి. పాపం ఆ పిల్లోడు నన్ను చూసి, అన్నా, నేనింకా కట్టనే లేదు కదా అని భయపడినాడు."

"నీకు దండం పెడతా స్వామీ" అన్నాడు వరదయ్య.

"పెట్టు, తప్పులేదు. ఇంకా విను, అసలు కత ఇప్పుడే వస్తాది. వాళ్ళలో ఒక ఆచారం. పెండ్లికూతురు తనంతట తాను నడిచి పీటల మీదికి రాకూడదు. మేనమామ గంపలో కూసోబెట్టి ఎత్తుకోని రావల్ల. ఈ బిడ్డకుండేది ఒకడే మేనమామ. ఆయప్ప కువైట్లో ఉండాడు. రావడానికి దారి లేదు. పెద్దోళ్ళంతా కూసోని మాట్లాడుకోని, సరే, మేనమామ స్క్రీన్లో కనబడి రా తల్లీ అని నోరారా పిలిస్తే చాలు, గంప ఇంకెవురైనా ఎత్తొచ్చు అని తేల్చినారు. అందుకే కదా ఇంత ఏర్పాటు! పెండ్లికూతురి గది ముందర పెద్ద స్క్రీన్ కట్టినా, మంచి సౌండు బాక్సు పెట్టినా. ఆ గొంతు వినబడితే బిడ్డ లేసి రావల్ల."

"వినబడిందా?"

జయచంద్ర గొంతు తగ్గించినాడు. తగ్గిస్తేనే జనం దగ్గరికి జరుగుతారని ఆయనకు తెలుసు.

"లింకు నొక్కినోళ్ళు నేరుగా లోపలికి రాలేరప్పా. ముందర వెయిటింగ్ రూమ్ అని ఒకటుంటాది. మన ఇండ్లకు అరుగు మాదిరి. వచ్చినోళ్ళు ఆడ కూసుంటారు. వాళ్ళ పేరు నాకు కనబడతాది. నేను హోస్టు, ఇంటాయన అనుకో. నేను తలుపు తీస్తే లోపలికి, లేదంటే అరుగు మీదే. తిరపతి సారు గట్టిగా చెప్పినాడు, ముక్కూమొగం తెలియనోణ్ణి లోపలికి రానిస్తే వాడు బూతుబొమ్మలు పెట్టి పెండ్లి నాశనం చేస్తాడు, జాగ్రత్త అని. నేను ఒక్కొక్క పేరే చూసి తలుపు తీస్తాండా. సరిగ్గా ఆ వేళకు ఒకడొచ్చి తలుపు కొట్టినాడు. పేరు చూస్తే, రోడెల్!"

"అదేం పేరు?"

"అదే కదా నేనూ అనుకునింది. నగరి పెండ్లికి రోడెల్‌తో ఏం పని? తీయలా. పోయినాడు, మళ్ళా వచ్చినాడు. తీయలా. మళ్ళా వచ్చినాడు. నాకు అర్థమైపోయింది, వీడు మామూలోడు కాదు అని. హ్యాకరు! వాడొక్కడే అనుకుంటివా? వాడెనక పెద్ద సైన్యం ఉండాది. సముద్రం అవతల ఒక కొండంతా తొలిచి దాన్నిండా కంప్యూటర్లు పెట్టుకోనుండారంట. అన్నీ కలిసి నగరి పెండ్లి తలుపు కొడతాండాయి. వాడు ఆడ కొడితే ఈడ మండపం వాకిళ్ళు దడదడలాడినాయి. వరుడి తలపాగా ఊడి కింద పడింది. నా చేతిలో మౌసు పెనం మాదిరి కాలిపోతాంది, అయినా వదలలా. భుజం పెట్టి స్క్రీన్ను అదిమి పట్టినా. ఢిల్లీ నుంచి ఎవురో పెద్ద ఆఫీసరు ఫోను చేసి, జయచంద్రా, దేశం నీ చేతిలో ఉండాది, తలుపు తీయొద్దు నాయనా అని ఏడ్చినాడు."

"ఫోన్లన్నీ ఆపించినావు కదన్నా?" అన్నాడు ఇమ్మానుయేల్.

"నాదొకటి ఉండాది కదప్పా! పెండ్లి అయిపోయేదాకా కొడతానే ఉండాడు ఆ రోడెల్. నేను తీస్తే కదా!" జయచంద్ర ఛాతీ మీద కొట్టుకున్నాడు. "ఆ పొద్దు ఆ తలుపు కాడ నేను కాకుండా ఇంకొకడుంటే ఆ బిడ్డ పెండ్లి ఏమయ్యుండేదో!"

"మరి మేనమామ?"

"యాడ మేనమామ? రాలా. కువైట్ నుంచి ఒక్క పేరూ లేదు. వరలక్ష్మమ్మ నా కాడికి పరిగెత్తుకోని వచ్చి, అన్నా, నా తమ్ముడు వచ్చినాడా అనింది. రాలేదమ్మా అన్నా. మళ్ళా పోయి మళ్ళా వచ్చి అడిగింది. రాలేదు తల్లీ అన్నా. ఆడ దుడ్లు చూసినాక అక్క యాడ, మేనకోడలు యాడ? దుప్పటి కప్పుకోని నిద్రపోయింటాడు. పెండ్లికూతురు గంపలో కూసోని ఆ స్క్రీన్ వంకే చూస్తాంది. ముహూర్తం దాటిపోతాంది. అప్పుడు నేనే మైకు ఎత్తుకున్నా. రా తల్లీ, అని పిలిచినా చూడు! నా గొంతు సంగతి మీకు తెల్సు కదా. ఆ పిలుపుకు ఈ బిడ్డ వచ్చిందే కాదు, లైవు చూస్తాండే ఇండ్లల్లో కూడా, పెండ్లి కాని ఆడబిడ్డలంతా లేసొచ్చి పీటలు వేసుకోని కూసున్నారు! వాళ్ళ నాయనలు ఆ పొద్దే సంబంధాలు వెతుక్కోవాల్సి వచ్చింది. సింగపూరులోనే ఎన్ని పెండ్లిండ్లు అయినాయో!"

వరదయ్య నవ్వినాడు. ఇమ్మానుయేల్ కట్టు పట్టుకోని నవ్వినాడు. మూలన ఉండే ఆయన ఒక్కడూ నవ్వలా.

"రోడెల్ మంచోడప్పా" అన్నాడు ఆయన.

"ఏ రోడెల్?" అన్నాడు జయచంద్ర ఇంకా నవ్వుతానే.

"నువ్వు తలుపు తీయని రోడెల్. ఫిలిప్పీన్స్ మనిషి. కువైట్లో నేనుండే రూములోనే, నా పై మంచం. ఒక ఇంట్లో వంట పని చేస్తాండె. పెండ్లికి ముందు దినం నా ఫోను కిందపడి అద్దం పగిలిపోయింది. అంగళ్ళన్నీ మూసేసినారు. ఈ పొద్దు నా ఫోను నీది అని వాడే ఇచ్చినాడు. నీకు కనబడింది వాడి పేరు. ఆ పేరెనక కూసోనుండింది నేను. నా పేరు ఎల్లప్ప. వరలక్ష్మమ్మ తమ్ముణ్ణి."

పొయ్యి మీద పాలు పొంగి బుస్సుమని చప్పుడైంది. వరదయ్య గబుక్కున గిన్నె దించినాడు.

"నేను నిద్రపోలేదబ్బా" అన్నాడు ఎల్లప్ప. ఆయన గొంతులో కోపం లేదు. "కొత్త పంచ కట్టుకున్నా. బొట్టు పెట్టుకున్నా. రూములో ఉండేవాళ్ళందర్నీ గమ్మునుండమని బతిమాలుకున్నా. ఫోన్లో ఇంగ్లీషులో ఏందో రాసొచ్చింది. రోడెల్ చదివి చెప్పినాడు, హోస్టు నిన్ను తొందర్లోనే లోపలికి పిలుస్తాడంట, ఉండు అని. ఉన్నా. ఆగిపోతే మళ్ళా నొక్కినా. అక్కకు ఫోను కొడితే స్విచ్చాఫు. ఎవురికి కొట్టినా స్విచ్చాఫు. ఇప్పుడు తెలిసింది ఎందుకో. తండ్రి లేని బిడ్డప్పా అది. చిన్నప్పుడు మగ్గం కాడ నా ఒళ్ళోనే నిద్రపోయేది. రా తల్లీ అనే ఆ రెండు మాటలు, గొంతు వణక్కుండా చెప్పల్లని ముందు దినమంతా అనుకుంటా ఉన్నా."

జయచంద్ర గ్లాసు పక్కకు జరిపినాడు. "అది, అది రూలప్పా. తెలియని పేరు వస్తే తీయకూడదని సారు చెప్పినాడు. నువ్వు పేరు మార్చుకోని రావల్ల. ఆడ ఉంటాది, రీనేమ్ అని, నొక్కితే..." ఆయన గొంతు సగంలోనే సన్నబడింది. "నాకేం తెల్సు నువ్వని?"

"నీకు తెలియదు. నిజమే."

"అక్కకు చెప్పలేదా అన్నా, ఇట్ల జరిగిందని?" అన్నాడు ఇమ్మానుయేల్.

"చెప్పినా. సాయంత్రం ఫోను ఎత్తింది. ఊరంతా చూస్తాంటే నా బిడ్డ ఉత్త స్క్రీన్ చూస్తా కూసునింది, నువ్వు రాకపోతివి, పైగా ఇప్పుడు కతలు చెప్తాండావు అనింది. పెట్టేసింది. ఆ తర్వాత ఎత్తలా. భవితకు బిడ్డ పుట్టిందంట, అదీ ఊరోళ్ళు చెప్తే తెలిసింది. ఇప్పుడు అన్నీ వదిలేసి వచ్చేసినా. వచ్చినా గానీ, ఆ గడప ముందర నిలబడి ఏమని చెప్పల్లనో తెలియక ఈడ కూసోనుండా."

"రికార్డింగ్ ఉంటాది కదా జయచంద్రా?" అన్నాడు వరదయ్య. "పెండ్లంతా పట్టింటావు. అది చూపిస్తే సరిపోతాది కదా?"

జయచంద్ర తల దించుకున్నాడు. "ఉండాది. కానీ అరుగు మీద కూసున్నోళ్ళు దాంట్లో పడరు వరదయ్యా. లోపలికి వచ్చినోళ్ళే పడతారు."

"ఆ రోడెల్ చెప్పొచ్చు కదా?"

"వాళ్ళ ఊరికి పోయినాడు. నంబరు కూడా మారిపోయింది" అన్నాడు ఎల్లప్ప.

జయచంద్ర లేచి నిలబడినాడు. లుంగీ సర్దుకున్నాడు. మాటల్లో తప్ప ఎప్పుడూ తొందరపడని మనిషి, ఎల్లప్ప సంచి అందుకోబోయినాడు. "పదప్పా. నేనొస్తా నగరికి. మీ అక్క ముందర నిలబడి చెప్తా. నీ తమ్ముడు వచ్చినాడమ్మా, తలుపు కొట్టినాడమ్మా, తీయనిది నేను అని చెప్తా. ఏ కతా చెప్పను. జరిగింది జరిగినట్టు చెప్తా."

"పోన్నా, అదన్నా చెయ్యి" అన్నాడు ఇమ్మానుయేల్.

ఎల్లప్ప సంచి మీద చెయ్యి వేసి ఆపినాడు.

"నువ్వొచ్చి ఏం చెప్తే ఏమప్పా? నగరిలో నీ పేరెత్తితే పిల్లోళ్ళు కూడా నవ్వుతారు. విమానాలు నిలబెట్టినోడు చెప్పినాడని మా అక్కతో అంటే, నేనే నీకు నేర్పించి తోడుకోని వచ్చినానంటాది. ఉండే కోపానికి ఇంకొకటి తోడవుతాది."

"ఇది నిజం కదప్పా" అన్నాడు జయచంద్ర. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. "నా తల్లి సాక్షిగా ఇది నిజం కదా!"

"నిజమే" అన్నాడు ఎల్లప్ప. "ఆ పొద్దు అక్క నీ కాడికి పరిగెత్తుకోని వచ్చి, నా తమ్ముడు వచ్చినాడా అని అడిగింది. రాలేదమ్మా అన్నావు. నీ నోటి మాట మా అక్క నమ్మింది ఆ ఒక్కసారేనప్పా."